సెక్యూరిటీ ప్లస్ పాసయ్యాక చేతికొచ్చిన జీతం: నా అనుభవం

2019లో నరసరావుపేటలో బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం డెస్క్‌టాప్ సపోర్ట్. ఆఫీసు హైదరాబాద్ రాయదుర్గంలో, జీతం మాత్రం వేరే వెండర్ పేరోల్ మీద. ప్రింటర్ పనిచేయట్లేదన్నా, పాస్‌వర్డ్ లాక్ అయిందన్నా, కొత్తగా చేరినవాళ్లకి లాప్‌టాప్ సిద్ధం చేసివ్వాలన్నా మేమే పరిగెత్తాలి. నెలకి చేతికి 17,000. ఎస్ఆర్ నగర్ హాస్టల్‌కి, బస్ పాస్‌కి, తిండికి పోగా ఇంటికి పంపడానికి పెద్దగా మిగిలేది కాదు. అక్కడి నుంచి కాంప్‌టియా (CompTIA) సంస్థ ఇచ్చే సెక్యూరిటీ ప్లస్ అనే ఎంట్రీ లెవెల్ సర్టిఫికేషన్ పట్టుకుని సైబర్ సెక్యూరిటీలోకి, అంటే కంప్యూటర్లని దాడుల నుంచి కాపాడే పనిలోకి వచ్చాను. ఇప్పుడు మా ఊరి పిల్లలు, చుట్టాల పిల్లలు ఫోన్ చేసి "అన్నా, సెక్యూరిటీ ప్లస్ చేస్తే ఎంతొస్తుంది?" అని అడుగుతుంటారు. ప్రతి ఒక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, నాకు జరిగింది అంకెలతో సహా రాస్తున్నాను.

లాక్‌డౌన్‌లో ఇంటి దగ్గర ఉన్నప్పుడు యూట్యూబ్ నిండా ఇవే వీడియోలు. సైబర్ సెక్యూరిటీలో చేరితే ఏడాదికి 75 లక్షలట! ఆ అంకె ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తర్వాత అర్థమైంది. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ అనలిస్టుల మధ్యస్థ వేతనం 2020 మే నాటికి 1,03,590 డాలర్లు. దాన్ని అప్పటి రేటు 73తో గుణిస్తే 75 లక్షలు దాటుతుంది. అంటే అది అమెరికాలో, అమెరికా ఖర్చుల మధ్య, ఆ పని ఇప్పటికే చేస్తున్నవాళ్ల జీతం. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. ఈ ఉద్యోగానికి సాధారణంగా డిగ్రీతో పాటు దగ్గరి పనిలో కొంత అనుభవం కూడా ఉండాలని ఆ శాఖే రాసింది, కానీ ఆ ముక్క వీడియోలోకి రాదు. 2024 మే నాటికి అదే అంకె 1,24,910 డాలర్లు అయింది. ఇప్పటి థంబ్‌నెయిల్స్‌లో కోటి రూపాయలు కనిపించడానికి కారణం అదే.

ఇంకో అంకె కూడా బాగా తిరుగుతుంటుంది, ప్రపంచంలో 48 లక్షల మంది సెక్యూరిటీ నిపుణుల కొరత ఉందని. సెక్యూరిటీ సర్టిఫికేషన్లు ఇచ్చే ఐఎస్‌సీ2 సంస్థ 2024 నివేదికలో ఉన్న మాటే, అబద్ధం కాదు. కానీ అది సంస్థలకి ఎంతమంది ఉంటే బాగుంటుందో అన్న అంచనా. మన కోసం 48 లక్షల కుర్చీలు ఖాళీగా పెట్టుకుని ఎవరూ కూర్చోలేదు. అదే నివేదికలో, మనుషులు తక్కువగా ఉండటానికి మొదటి కారణం బడ్జెట్ లేకపోవడమని జవాబిచ్చినవాళ్లే చెప్పారు. మనుషులు దొరకట్లేదు కాబట్టి ఫ్రెషర్‌కి ఎంతైనా ఇస్తారనుకునేవాళ్లు ఆ రెండో ముక్క కూడా చదవాలి.

ఏ సర్టిఫికేషన్ చేయాలన్నది తర్వాతి తలనొప్పి. మన దగ్గర ఎవరిని అడిగినా ముందు సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) అంటారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే "బ్రదర్, కోర్సు, పరీక్ష వోచర్ కలిపి 95 వేలు. ఈ వారంలో చేరితే 85కి చేయిస్తా, ప్లేస్‌మెంట్ మా బాధ్యత" అన్నాడు కౌన్సెలర్. ఆ బాధ్యత సంగతి కాగితం మీద రాసిస్తారా అంటే నవ్వి, టీ తాగుతారా అని అడిగాడు. సీఈహెచ్‌కి అధికారిక శిక్షణ తీసుకోవాలి, లేదంటే సెక్యూరిటీలో రెండేళ్ల అనుభవం చూపించి, అప్లికేషన్ ఫీజు వేరే కట్టాలి. నాలుగు గంటల్లో 125 ప్రశ్నలు, అన్నీ ఆప్షన్లు ఇచ్చేవే. నా ఐదు నెలల జీతం దానికి పెట్టడానికి మనసొప్పలేదు.

సెక్యూరిటీ ప్లస్‌కి ముందస్తు షరతులేమీ లేవు. సొంతంగా చదువుకుని నేరుగా పరీక్ష రాయొచ్చు. వోచర్ ఒక్కటే నా నెల జీతం కంటే ఎక్కువైంది కాబట్టి మావయ్య దగ్గర కొంత తీసుకున్నాను. తర్వాత మొదటి అడుగుకి అంత డబ్బు పెట్టక్కర్లేని దారి కూడా ఒకటి వచ్చింది. 2022లో ఐఎస్‌సీ2 వాళ్లు సర్టిఫైడ్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ అనే ఎంట్రీ లెవెల్ సర్టిఫికేషన్‌కి శిక్షణ, పరీక్ష ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. పాసైతే ఏటా 50 డాలర్ల మెయింటెనెన్స్ ఫీజు మాత్రం ఉంటుంది.

చదువు గురించి ఎక్కువ చెప్పను. థియరీ అందరూ చదివేదే. నాకు పనికొచ్చింది మాత్రం లాప్‌టాప్‌లో పెట్టుకున్న చిన్న ల్యాబ్. ఒకే లాప్‌టాప్ లోపల వేరే కంప్యూటర్లని నడిపించే వర్చువల్‌బాక్స్‌లో ఒక విండోస్, హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే ఒక కాలీ లినక్స్. కాలీ నుంచి తప్పుడు పాస్‌వర్డ్‌లు కొడుతూ ఉంటే, విండోస్‌లో పడే లాగ్స్‌ని (ఎప్పుడు ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టా) వాటిలో వెతకడానికి వాడే స్ప్లంక్ సాఫ్ట్‌వేర్‌లోకి పంపేవాణ్ణి. దాని ఉచిత లైసెన్స్ రోజుకి 500 ఎంబీ వరకు డేటా తీసుకుంటుంది, మన ల్యాబ్‌కి అది ఎక్కువే. ఎనిమిది జీబీ ర్యామ్‌తో రెండు మెషీన్లు లేపితే లాప్‌టాప్ ఫ్యాన్ మోత హాస్టల్ రూమ్ మొత్తానికి వినపడేది.

2021లో పరీక్ష రాశాను. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాసే వీలుంది కానీ, మధ్యలో కరెంటు పోతే ఏంటన్న టెన్షన్‌తో సెంటర్‌కే వెళ్లాను. 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కి 750 రావాలి. ఫైర్‌వాల్ రూల్స్ సరిచేయడం లాంటి ప్రాక్టికల్ ప్రశ్నలు మొదట్లోనే మీద పడతాయి, వాటిని పక్కన పెట్టి మిగతావి ముందు చేయడం మంచిది. అన్నీ అయ్యాక స్కోరు చూపిస్తుందనుకుంటే, ముందు ఒక సర్వే నింపమంటుంది. గుండె దడదడలాడుతుంటే మీ వృత్తి అనుభవం ఎంత అని అడిగే ఆ సర్వేని కనిపెట్టిన మనిషి ఎవరో గానీ! 771 వచ్చింది.

అక్కడి నుంచి అసలు కథ. నౌకరీ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ మార్చాక కాల్స్ వచ్చాయి, నిజమే, కానీ సగం మంది రిక్రూటర్ల మొదటి ప్రశ్న "సీఈహెచ్ ఉందా?" అన్నదే. సెక్యూరిటీ ప్లస్‌కి అంత పేరు రావడానికి పెద్ద కారణం అమెరికా రక్షణ శాఖ. అక్కడ కొన్ని ఉద్యోగాలకి ఆమోదించిన సర్టిఫికేషన్ల జాబితాలో అది ఉంటుంది, కాబట్టి కాంట్రాక్టు కంపెనీలు తప్పనిసరిగా అడుగుతాయి. ఆ నిబంధన హైదరాబాద్‌లో ఎవరికీ లేదు. ఇక్కడ అది రెజ్యూమె వడపోతలో మనల్ని నిలబెడుతుంది, అంతవరకే. డల్లాస్‌లో ఎంఎస్ చేసిన మా కజిన్‌కి ఇంకో చిక్కు ఎదురైంది. సెక్యూరిటీ ప్లస్ తప్పనిసరి అని ఉన్న ప్రకటనల్లో చాలా వాటికి ప్రభుత్వ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలి, దానికి అమెరికా పౌరసత్వం ఉండాలి. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకి ఆ తలుపు మూసేసినట్టే.

కాల్స్‌లో ఇంకో రకం కూడా ఉంటాయి. ఒక కన్సల్టెన్సీ అతను "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం బ్రదర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ మావే. ఆఫర్ వచ్చాక రెండు నెలల జీతం ఇస్తే చాలు" అన్నాడు. అమీర్‌పేటలో ఈ మాట వినని వాళ్లుండరు. పీఎఫ్ యూఏఎన్ నంబర్‌తో ఎవరు ఎక్కడ ఎప్పుడు పనిచేశారో వెరిఫికేషన్‌లో మొత్తం బయటికొస్తుంది. పైగా మనం అడుగుతున్నది సెక్యూరిటీ ఉద్యోగం. మా బ్యాచ్‌మేట్ ఒకతను ఇలాగే చేరి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్ట్ వచ్చిన రోజే బ్యాడ్జి అప్పగించి బయటికొచ్చాడు. ఆ కంపెనీ క్లయింట్ల దగ్గరికి కూడా మళ్లీ వెళ్లలేకపోయాడు.

నాకు ఇంటర్వ్యూలు గట్టిగా నడిచింది 2022 జనవరి, ఫిబ్రవరిల్లో. అంతకు నెల ముందే, 2021 డిసెంబర్‌లో లాగ్4జే లోపం బయటపడింది. జావా అప్లికేషన్లు లాగ్ రాసుకోవడానికి వాడే లైబ్రరీ అది. ఒక ప్రత్యేకమైన వాక్యం లాగ్‌లో పడితే చాలు, సర్వర్ బయటి నుంచి కోడ్ తెచ్చుకుని నడిపేస్తుంది. ఏ ప్యానెల్‌కి వెళ్లినా అదే ప్రశ్న. పుస్తకంలో లేదు, నా పరీక్షలో లేదు. వెబ్ సర్వర్ లాగ్స్‌లో యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు చెప్పుకునే చోటు) దగ్గర, ఆ వాక్యంలో ఉండే జేఎన్‌డీఐ అనే మాట వెతుకుతానని, దొరికితే ఆ సర్వర్ ఆ తర్వాత బయటికి ఏదైనా కనెక్షన్ తెరిచిందా చూస్తానని చెప్పాను.

ఉద్యోగం వచ్చిన చోట ప్యానెల్‌లో ఉన్నాయన అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది. ఒక యూజర్ పేరు మీద విండోస్ లాగ్‌లో పది నిమిషాల్లో వందకి పైగా 4625 నంబర్ ఈవెంట్లు, అంటే ఫెయిలైన లాగిన్లు. ఆ తర్వాత ఒక 4624, అంటే సక్సెస్. ఏం చేస్తావ్? బ్రూట్ ఫోర్స్ (పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసే దాడి) అని వెంటనే అనేయలేదు నేను. "ముందు అతను ఈ మధ్య పాస్‌వర్డ్ మార్చాడా చూస్తాను సార్. మారిస్తే, ఫోన్‌లో మెయిల్‌కి పాత పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయి అదే పదేపదే కొడుతుంటుంది. నేను రోజూ చూసేదే" అన్నాను. ఆ తర్వాత లాగిన్ ఏ ఐపీ నుంచి వచ్చింది, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారానా, నెట్‌వర్క్ ద్వారానా, సక్సెస్ అయ్యాక ఆ అకౌంట్ ఏమేం చేసింది అని వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆయన పెన్ను పక్కన పెట్టి "సపోర్ట్‌లో ఎన్నేళ్లు చేశావ్?" అన్నాడు.

ఎంపికయ్యాను, ఎస్ఓసీలో (క్లయింట్ల నెట్‌వర్క్‌లని కనిపెట్టుకుని ఉండే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) ఎల్1, అంటే మొదటి మెట్టు అనలిస్ట్‌గా. హెచ్ఆర్ మేడంతో జీతం మాటలు వచ్చేసరికి మాత్రం "మీ రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్ జీరో కదండీ, ఫ్రెషర్ బ్యాండ్‌లోనే వస్తుంది" అన్నారు. టెక్నికల్ ప్యానెల్‌కి నచ్చిన రెండున్నరేళ్లూ హెచ్ఆర్ షీట్‌లో సున్నా. సర్టిఫికేషన్ ఉందిగా అంటే, ఆ బ్యాండ్‌లో పై అంచు ఇస్తున్నది అందుకేనన్నారు. 4.2 లక్షలు. రెండేళ్లు మానకూడదని సర్వీస్ అగ్రిమెంట్.

నాన్న మా ఊళ్లో జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. లెక్కలు ఆయన్ని దాటి పోవు. ఆఫర్ లెటర్ ఫోన్‌లో చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని, పాత క్యాలెండర్ వెనక రాయడం మొదలుపెట్టారు. 4,20,000ని పన్నెండుతో భాగిస్తే నెలకి 35,000 రావాలి. అందులో వేరియబుల్ పే 42,000, అది ఏడాది చివర, అదీ రేటింగ్‌ని బట్టి. కంపెనీ కట్టే పీఎఫ్ 21,600 మన ప్యాకేజీలోదే. గ్రాట్యుటీ పేరు మీద ఎనిమిది వేల చిల్లర, ఇన్సూరెన్స్ 6,000. ఇవన్నీ పోతే నెలకి 28,478. దాన్లోంచి మన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికి 26,478.

"గ్రాట్యుటీ అయిదేళ్లు చేస్తేగా ఇచ్చేది. ఇప్పుడే జీతంలో కలిపి చూపించడం ఏంట్రా?" అన్నారు నాన్న.

"అందరూ అలాగే చూపిస్తారు నాన్నా."

"మరి ఊళ్లో అడిగితే ఎంతని చెప్పాలి?"

"నాలుగు లక్షలని చెప్పు."

17,000 నుంచి 26,478. యూట్యూబ్‌లో చెప్పిన 75 లక్షలతో పోల్చుకుంటే నవ్వొస్తుంది, నా అసలు జీతంతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు అయింది. రెండూ నిజమే.

ఎల్1 జీతం ఎందుకు ఇంతే ఉంటుందో పనిలో దిగాక తెలిసింది. ఎస్ఓసీ రోజంతా, ఏడాదంతా తెరిచి ఉండాలి. క్లయింట్ డబ్బు కట్టేది ఆ కుర్చీలు ఇరవై నాలుగు గంటలూ నిండి ఉండటానికి. మూడు షిఫ్టులకి మనుషులు కావాలి కాబట్టి వీలైనంత చవకగా నింపుతారు. నా సర్టిఫికేషన్ వల్ల క్లయింట్‌కి వేసే బిల్లు రూపాయి కూడా పెరగదు, కంపెనీ టెండర్ కాగితాల్లో మాత్రం మా టీమ్‌లో ఇంతమంది సర్టిఫైడ్ అని రాసుకోవడానికి పనికొస్తుంది. నైట్ షిఫ్ట్‌కి రాత్రికి 250 రూపాయల అలవెన్స్ వేరే. నెలలో సగం రాత్రులు పడితే చేతికి 30 వేలు దాటేది. నిజం చెప్పాలంటే ఆ అలవెన్స్ కోసం నైట్లు అడిగి వేయించుకునేవాళ్లం. ఏడాది తిరిగేసరికి నాకు ఎసిడిటీ, పక్క సీటతనికి బీపీ. మొదటి జీతం లెక్క వేసుకునేవాళ్లు ఇది కూడా కలుపుకోవాలి.

పని చాలా వరకు విసుగు. ఒకే మనిషి ఇరవై నిమిషాల తేడాలో హైదరాబాద్ నుంచీ నెదర్లాండ్స్ నుంచీ లాగిన్ అయ్యాడని అలర్ట్ వస్తుంది. చూస్తే వీపీఎన్ (వేరే చోటు నుంచి వచ్చినట్టు చూపించేది) ఆన్ చేసుంటాడు. ఎవరో లోపల పోర్టులన్నీ స్కాన్ చేస్తున్నారని వస్తుంది, అది క్లయింట్ సొంత స్కానరే. ఫాల్స్ పాజిటివ్ (ఉత్త అలారం) అని రాయి, టికెట్ మూసేయ్, ఇంకోటి తెరువు. కానీ ఒక రాత్రి మూడు దాటాక అకౌంట్స్ విభాగంలోని మెషీన్‌లో ఎక్సెల్ నుంచి పవర్‌షెల్ (విండోస్‌కి కమాండ్లు ఇచ్చే టూల్) లేచింది. కమాండ్ అంతా గజిబిజి అక్షరాలుగా ఎన్‌కోడ్ చేసి ఉంది. ఎక్సెల్‌కి పవర్‌షెల్‌తో మామూలుగా పనేమీ ఉండదు. డీకోడ్ చేస్తే బయటి అడ్రస్ నుంచి ఫైల్ తెచ్చుకుంటోంది. ఎల్2 (మా పై మెట్టు) అన్నని లేపి, క్లయింట్‌కి ఫోన్ చేసి, మెషీన్‌ని నెట్‌వర్క్ నుంచి విడదీయించేసరికి పావుగంట పట్టింది. పొద్దున హ్యాండోవర్ మెయిల్‌లో అది నాలుగు లైన్లు. తర్వాత నా రెజ్యూమెలో పైనుంచి కింద వరకు ఇంటర్వ్యూలో నిలబడ్డ లైన్ అదొక్కటే.

నేను చేరిన కొన్ని వారాలకే, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలు ఇచ్చింది. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లోగా రిపోర్ట్ చేయాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి. క్లయింట్లకి ఒక్కసారిగా లాగ్స్ మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది. మా దగ్గర పని పెరిగింది, జీతం పెరగలేదు. కానీ ఆ ఫార్మాట్లు నింపడం, ఘటన ఎప్పుడు ఎలా జరిగిందో టైమ్‌లైన్ రాయడం నేర్చుకున్నవాళ్లకి తర్వాత డిమాండ్ వచ్చింది. నాతో చేరిన ఒకమ్మాయి ఆ దారిలోనే ఐఎస్ఓ 27001 (సమాచార భద్రత ప్రమాణం) ఆడిట్ వైపు వెళ్లింది. ఇప్పుడు ఆమెకి నైట్ షిఫ్ట్ లేదు, జీతం నాకంటే ఎక్కువ. కోడింగ్ రాదు కాబట్టి సెక్యూరిటీ వద్దనుకునేవాళ్లు ఈ ఆడిట్, కంప్లయన్స్ వైపు ఒకసారి చూడాలి.

మొదటి హైక్ ఎనిమిది శాతం. రెండేళ్ల అగ్రిమెంట్ దాటాక 2024లో మారదామని చూస్తే, ఒక చోట "కరెంట్ సీటీసీ (ఏడాది ప్యాకేజీ) మీద 30 శాతం" అన్నారు. అంటే ఆరు లక్షలు కూడా కాదు. ఒప్పుకోలేదు. ఒక విదేశీ సంస్థ హైదరాబాద్ కేంద్రంలో ఎల్2కి 8.9 లక్షలు వచ్చింది, చేతికి 60 వేల దరిదాపు. అక్కడ ఎవరూ సెక్యూరిటీ ప్లస్ గురించి అడగలేదు. ఆ సర్టిఫికెట్ గడువు మూడేళ్లే. దాన్ని నిలుపుకోవడానికి కాంప్‌టియానే ఇచ్చే పై మెట్టు సైసా ప్లస్ రాశాను, పై మెట్టు పాసైతే కింది మెట్టు దానంతటదే రెన్యూ అవుతుంది. నోటీస్ పీరియడ్ 90 రోజులు పూర్తిచేసి జూన్‌లో చేరాను.

చేరిన నెలకే జూలై 19, శుక్రవారం. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన అప్‌డేట్‌లో తప్పు వల్ల ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెరతో పడిపోయాయి. అటాక్ కాదని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు, కానీ ఒక్కో మెషీన్‌ని సేఫ్ మోడ్‌లో లేపి, డిస్క్‌కి తాళం లాంటి బిట్‌లాకర్ కీ కొట్టి, 291 నంబర్‌తో ఉన్న ఆ ఫైల్ తీసేయాలి. మా సెక్యూరిటీ టీమ్‌లో ఆ పని చేతులతో చేసినవాళ్లు ఇద్దరే, నేనూ, ఇంకో మాజీ సపోర్ట్ మనిషి. రాత్రి పది వరకు ఫ్లోర్లు తిరుగుతూ లాప్‌టాప్‌లు లేపాం. హెచ్ఆర్ సున్నా వేసిన అనుభవం ఆ రోజు మేనేజర్ నోట్‌లోకి ఎక్కింది.

నా చుట్టూ ఉన్నవాళ్లని చూసి చెప్పాలంటే, హైదరాబాద్‌లో ఒక ఎంట్రీ సర్టిఫికేషన్‌తో మొదటి ఉద్యోగం మూడు నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటుంది. చిన్న కంపెనీల్లో రెండున్నరకి చేరినవాళ్లూ ఉన్నారు. సీఈహెచ్ చేసి వెబ్ అప్లికేషన్ టెస్టింగ్‌కి వెళ్లిన మా రూమ్మేట్ 2.4 లక్షలతో మొదలుపెట్టాడు. తర్వాత ఓఎస్‌సీపీ రాశాడు. దాదాపు ఇరవై నాలుగు గంటలు మెషీన్లని హ్యాక్ చేసి, ఆ పైన ఇంకో రోజులో రిపోర్ట్ రాసే పరీక్ష అది. మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది, అప్పుడు జీతం రెట్టింపు దాటింది. రెండు మూడేళ్లు నిలబడ్డవాళ్లు ఆరు నుంచి తొమ్మిది మధ్య ఉన్నారు. మొదటి ఏడాదిలోనే షిఫ్టులు తట్టుకోలేక టెస్టింగ్‌కో, బ్యాంకు పరీక్షలకో వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, వాళ్లని తప్పుపట్టను.

నాకిప్పుడు కనపడుతున్నది ఐఎస్‌సీ2 ఇచ్చే పెద్ద మెట్టు సర్టిఫికేషన్ సీఐఎస్ఎస్‌పీ. దానికి కనీసం రెండు డొమైన్లలో (సెక్యూరిటీ విభాగాల్లో) కలిపి అయిదేళ్ల అనుభవం కావాలి, వాళ్లు ఆమోదించిన సర్టిఫికేషన్ ఒకటి ఉంటే అందులో ఏడాది తగ్గుతుంది. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే అసోసియేట్ అంటారు, ఆరేళ్లలోగా ఆ అనుభవం సంపాదించుకోవాలి. ఫ్రెషర్లని పట్టుకుని సీఐఎస్ఎస్‌పీ కోర్సు అమ్మే ఇన్‌స్టిట్యూట్లు ఈ సంగతి చివర్లో, ఫీజు కట్టాక చెబుతాయి. నా ఫీజు కంపెనీ రీయింబర్స్ చేస్తానంది, మొదటిసారే పాసైతే.